శనివారపు సరళరేఖ

ఆ సోమవారం ఉదయం పది గంటలకు, కాకినాడ సముద్రతీరాన ఉన్న తూర్పుతీర వ్యాధినిరోధక పరిశోధనాలయం రెండో అంతస్తు సమావేశ మందిరంలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: బల్లకు తలవైపున పర్యవేక్షక సంఘం అధ్యక్షులు, విశ్రాంత న్యాయమూర్తి కలగర పద్మనాభరావు గారు, వారి కుడివైపున పరిశోధనాలయ సంచాలకురాలు డాక్టర్ యడవల్లి మృణాళిని గారు, ఎడమవైపున గణాంక నిపుణులు డాక్టర్ నిజాముద్దీన్ గారు, ఆయన పక్కన, రోగుల ప్రతినిధి హోదాలో, మూడో పడక రోగి, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని ఓలేటి కామాక్షమ్మ గారు, చిట్టచివర, తలుపు దగ్గర, అడిగినప్పుడు నమోదు పుస్తకాలు అందించడానికి పిలిపించిన వార్డు నర్సు రొంగల దేవమణి.

రోగుల తరఫున మాట్లాడేది రోగే కావాలన్నది కామాక్షమ్మ గారి పట్టు. ఆవిడ పట్టు పట్టిన విషయంలో ఆ భవనంలో ఎవరూ ఎదురు చెప్పినట్టు దాఖలా లేదు. సంచాలకురాలు మృణాళిని గారు స్వయంగా ఆవిడ దగ్గర ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు లెక్కలు నేర్చుకున్నవారు. ఈనాటికీ మూడో పడక దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి చీర కుచ్చిళ్ళు సరిచూసుకుంటారని వార్డులో అందరికీ తెలుసు.

ఆనాటి సమావేశంలో వాతావరణం పండుగలా ఉంది. కామాక్షమ్మ గారి కాలేయం మీది కంతి నాలుగు నెలల్లో సగానికి తగ్గింది. ఆ శుభవార్తను మృణాళిని గారు ఎంత అదిమిపెట్టి చెప్పినా గొంతులో సంతోషం దాగలేదు. న్యాయమూర్తి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, టీచరు గారిని అభినందించారు. ఆవిడ మాత్రం, ఇంకా సగం మిగిలే ఉంది గనుక అభినందనలు కూడా సగమే తీసుకుంటానని జవాబిచ్చారు.

తరువాత నిజాముద్దీన్ గారు గోడమీది తెర వెలిగించారు. తెరమీద మూడో పడక గీత, అంటే కామాక్షమ్మ గారి ఒంట్లో వాపు ప్రోటీన్ల నమోదు, కనిపించింది. వారమంతా చిన్న చిన్న అలలుగా లేచిపడుతూ సాగే ఆ గీత, ప్రతి శనివారం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు స్కేలు పెట్టి గీసినట్టు చదునుగా, అట్టడుగున, నిశ్చలంగా ఉంది. పదిహేడు శనివారాలు, పదిహేడు సరళరేఖలు. మిగిలిన అయిదుగురు రోగుల గీతల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. వారి కంతులు ఒక్క మిల్లీమీటరు తగ్గనూ లేదు.

మృణాళిని గారు లేచి నిలబడి తన ప్రతిపాదన చదివారు. శనివారపు ప్రశాంతతే ఈ రోగిని బాగుచేస్తున్నదని తమ నిర్ధారణ. వాపు పుట్టించే ప్రోటీన్లు ఎంత అణిగితే కంతి అంత త్వరగా కరుగుతుంది. కనుక మిగిలిన అయిదుగురికీ అదే ప్రశాంతత కలిగేలా, వారి చేతులకు కట్టిన పట్టీలలోని మందును ఆ సాయంత్రం నాలుగు గంటల నుంచి రెండింతలు చేయడానికి సంఘం అనుమతించాలి.

తలుపు దగ్గర కూర్చున్న దేవమణి పట్టుకున్న నమోదు పుస్తకం అట్ట మీద ఆమె వేళ్ళ తడి అచ్చు పడింది.

న్యాయమూర్తి గారు ప్రతిపాదన మీద ఓటింగు తేనీటి విరామం తరువాత ఉంటుందని ప్రకటించారు.

*

ఆ పట్టీని పరిశోధనాలయంలో కళ్ళెం అని పిలిచేవారు. అది మృణాళిని గారి పదకొండేళ్ళ కృషి. దండకడియంలా మోచేతి పైన కట్టుకునే ఆ సన్నని పరికరం నిమిషానికోసారి చర్మం గుండా వాపు ప్రోటీన్లను కొలుస్తుంది; అవి పెరిగాయంటే, తనలోని మందును బొట్టు బొట్టుగా విడుదల చేసి అణిచేస్తుంది. మందు ప్రభావం అరగంటకు మించి ఉండదు గనుక పట్టీ ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి. నాలుగు నిమిషాలు దానికి మనిషి స్పర్శ తగలకపోతే భవనమంతా అలారం మోగుతుంది.

నాలుగో పడక రోగి, తాళ్ళరేవులో పడవలు కట్టే మల్లాడి సత్తిరాజు, చేరిన రోజున ఇదంతా ఎందుకని దేవమణిని అడిగాడు. ఆమె తనకు తెలిసిన మాటల్లో చెప్పింది. అతని రక్తంలోంచి కొన్ని కణాలు తీసి, వాటికి శత్రువు ముఖం చూపించి, తిరిగి లోపలికి పంపామని, అవి కొట్లాడేటప్పుడు ఒళ్ళు కాలిపోతుందని, అదుపు తప్పితే ఆ వేడే మనిషిని తీసుకుపోతుందని, అలా జరగకుండా ఈ పట్టీ అని. సత్తిరాజు పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే సిస్టరమ్మా, పోలీసోళ్ళని పంపించి, ఆళ్ళ ఎనకాలే ఫైరింజన్నీ పంపించారన్నమాట."

ఇంతకంటే బాగా తన పుస్తకంలో కూడా తాను రాయలేకపోయానని మృణాళిని గారు ఆ మాటను పదిమందికి చెప్పుకుని నవ్వారు. అప్పుడు ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఆ ఫైరింజను క్షణం ఆగకుండా నీళ్ళు కొడుతూ ఉంటే పోలీసులు కళ్ళు తెరిచి ముందుకు నడిచేదెలా?

ఇక శనివారం సంగతి. కామాక్షమ్మ గారు చేరిన మొదటి శనివారమే తలంటుకు సిద్ధమయ్యారు. డెబ్భయ్యొక్క ఏళ్ళలో శనివారం తలంటు మానిన రోజు తనకు జ్ఞాపకం లేదని, అది రోగమే గాని మైల కాదని, నువ్వులనూనె గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. సాంబ్రాణి ధూపం వేస్తే పొగకు హెచ్చరిక గంట మోగుతుందని చెప్పినప్పుడు మాత్రం అది న్యాయమైన నిబంధనే అని ఒప్పుకున్నారు. నూనె భుజాల మీదికి జారింది. పట్టీ నూనెతో పాటు జారి నేలమీద పడింది. నాలుగు నిమిషాలకు అలారం మోగింది. డాక్టర్లు, అటెండర్లు, చివరికి మృణాళిని గారు, అందరూ పరుగెత్తుకొచ్చి చూస్తే ఆవిడ జుట్టు విరబోసుకుని, నూనె కారుతున్న ముఖంతో, ఈ గొడవేమిటన్నట్టు కూర్చుని ఉన్నారు.

తలంటు కుదరదని చెప్పడానికే మృణాళిని గారు నోరు తెరిచారు.

"మృణాళినీ," అన్నారు కామాక్షమ్మ గారు ఆమె తలవైపు చూస్తూ, "నీ జుట్టు చూడు, ఎలా ఎండిపోయిందో. ఏడో తరగతిలో ఎన్నిసార్లు చెప్పాను నీకు."

 మూడు వందల మంది ఉద్యోగులను నడిపించే మనిషి, రెండు అడుగులు వెనక్కి వేసి, వెళుతూ వెళుతూ దేవమణితో మెల్లగా అన్నది ఒకే ఒక్క మాట. "అలారం మోగకుండా చూడండి, సిస్టర్."

దేవమణి చూసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పైవాళ్ళు చెప్పిన పనిని ఎలాగోలా నెరవేర్చకుండా వదిలిన మనిషి కాదు. మరుసటి శనివారం నుంచి టీచరు గారు నూనె గిన్నె అందుకోగానే దేవమణి పట్టీని విప్పేది. చర్మాన్ని తాకే పలుచని పొర మార్చేది. రెండు నిమిషాల్లో దాన్ని తన మోచేతి పైన కట్టుకునేది. పట్టీకి మనిషి స్పర్శ కావాలి; ఆ స్పర్శ ఎవరిదన్నది పట్టీకి పట్టదు. ఆరోగ్యంగా ఉన్న దేవమణి రక్తంలో అణచవలసినదేదీ లేదు గనుక మందు ఒక్క బొట్టు కూడా విడుదలయ్యేది కాదు. నూనె నానడానికి గంట, సున్నిపిండితో నలుగుకు కొంత, కుంకుడురసంతో తల రుద్దుకోవడానికి కొంత, జుట్టు ఆరడానికి మిగిలినది. పదకొండుకు పట్టీ మళ్ళీ టీచరు గారి చేతికి చేరేది. పుస్తకంలో "నిరంతరం ధరించారా?" అన్న గడిలో దేవమణి "అవును" అని రాసేది. రాసిన మొదటిసారి కలం గడి దగ్గర ఆగింది. ఆరోసారి ఆగలేదు.

తలంటు తరువాత టీచరు గారి నుదురు వెచ్చగా ఉండేది. వేడినీళ్ళ ప్రభావం అనుకుంది దేవమణి. టీచరు గారూ అలాగే అనుకున్నారు. పైగా ఒళ్ళు తేలికైందని ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవారు.

ఇంట్లో ఒకసారి భర్త దానియేలు ఆమె చేతి మీది గుండ్రని ముద్ర చూసి, హార్బరులో యంత్రాలు బాగుచేసే తన చేతులకే లేని మచ్చ నర్సు చేతికెలా వచ్చిందని, వాచీలు మోచేతి పైన కట్టుకునే ఫ్యాషనేదైనా వచ్చిందా అని ఆటపట్టించాడు. ఆమె నవ్వి చేతిమీదికి కొంగు లాక్కుంది.

*

తేనీటి విరామంలో దేవమణి టీ తాగలేదు. మెట్లు దిగి వార్డుకు వెళ్ళింది.

ఆమెకు ప్రోటీన్ల శాస్త్రం సంచాలకురాలికి తెలిసినంత తెలియదు. కాని ఒక్క విషయం స్పష్టంగా తెలుసు. తెరమీది ఆ పదిహేడు సరళరేఖలు కామాక్షమ్మ గారివి కావు. ఆ మూడు గంటలూ టీచరు గారి ఒంట్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. జరిగింది ప్రశాంతత మాత్రం కాదు, ఆ వెచ్చటి నుదుటిని ముట్టుకున్నది తానే గదా. ఇప్పుడు లేని ప్రశాంతతను చూసి ఉన్న మందును రెట్టింపు చేయబోతున్నారు. అయిదుగురిలో అందరికంటే నీరసించి ఉన్నది సత్తిరాజు. అతనిలో శిక్షణ పొందిన కణాల లెక్క ఇప్పటికే వారం వారం పడిపోతోంది.

ఆమెను చూడగానే సత్తిరాజు దిండు మీద కాస్త లేచాడు. మీటింగులో పంతులమ్మ గారి గీతను మెచ్చుకున్నారటగా అని అడిగాడు. మెచ్చుకున్నారని చెప్పింది.

"ఆ గీత నాకూ ఒకసారి చూపిద్దురూ, సిస్టరమ్మా. కాపీ కొట్టేసుకుంటాను. చిన్నప్పుడూ అలాగే పాసయ్యాను."

పక్క మంచం మీదనుంచి జవాబు చెప్పవలసిన కామాక్షమ్మ గారు పైన సమావేశంలో ఉన్నారు. ఆ జవాబు లేక మాట అసంపూర్తిగా వేలాడింది. సత్తిరాజు నవ్వబోయి దగ్గాడు. మంచం పక్కన కూర్చున్న అతని భార్య లోవమ్మ, కొత్త తువ్వాలుతో అతని నోరు తుడిచి, ఆ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. సాయంత్రం నుంచి మందు పెంచుతారటగా, పెంచితే తగ్గుతుంది గదండీ అని అడిగింది.

దేవమణి వెనుదిరిగింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. నిజం చెబితే నర్సుగా తన నమోదు రద్దు కావచ్చు. ఇరవై రెండేళ్ళలో తన ఫైలులో ఒక్క ఎర్ర సిరా గీత లేదు. ఇదంతా ఆమెకు మెట్ల మలుపు దగ్గరే స్పష్టంగా తోచింది. అయినా కాళ్ళు ఆగలేదు.

న్యాయమూర్తి గారు అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి అనబోతుండగా ఆమె లేచి నిలబడింది.

"అయ్యా, ఒక్క మాట చెప్పుకోవాలండి. తెరమీద ఉన్న ఆ శనివారం గీత టీచరు గారిది కాదండి. నాది."

న్యాయమూర్తి గారు అర్థం కాక, నీదంటే ఏమిటమ్మా అని అడిగారు. ఆమె ఎడమచేతి జాకెట్టు అంచు కాస్త పైకి జరిపి, చర్మం మీది గుండ్రని ముద్ర చూపించింది. టీచరు గారి తలంటు సమయంలో పట్టీని తాను కట్టుకున్నానని, పదిహేడుసార్లు కట్టుకున్నానని, పదిహేడుసార్లూ పుస్తకంలో అబద్ధం రాశానని, మందు పెంచాలన్న ఆలోచన తన చేతిని చూసి చేసినదని, అందుకని దయచేసి పెంచవద్దని, తడబడకుండా, ఒక్క ఊపిరిలో చెప్పింది. ఎవరు చెబితే అలా చేశావని న్యాయమూర్తి గారు కఠినంగా ప్రశ్నించారు. ఎవరూ కట్టుకోమని చెప్పలేదని, కట్టుకున్నది తానేనని జవాబిచ్చింది. అది నిజమే. అందులో ఎవరి పేరూ లేదు.

 ఒక కుర్చీ వెనక్కి జరిగింది. లేచినవారు మృణాళిని గారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. పదకొండేళ్ళ కృషి, రేపో మాపో అచ్చుకు వెళ్ళవలసిన వ్యాసం, ఆ సరళరేఖ మీద కట్టిన సిద్ధాంతం, అన్నీ ఒక్కసారిగా కూలిన మనిషి ముఖం అలాగే ఉంటుంది.

"అధ్యక్షా, సిస్టర్ చెప్పని భాగం నేను చెప్పాలి. అలారం మోగకుండా చూడమని ఆమెతో అన్నది నేను. తలంటు ఆపమని మా టీచరు గారితో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎలా చూస్తారని అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు."

కామాక్షమ్మ గారు శిష్యురాలి వైపు తిరిగారు. అనుమతి తీసుకునే విప్పుతున్నారని తాను ఊహించానని, ఊహించడం తప్ప అడగడం చేయలేదని, నలభై ఏళ్ళ పాటు పిల్లలకు లెక్క సరిచూసుకోమని చెప్పిన మనిషి తన లెక్క సరిచూసుకోలేదని, తన వాటా కూడా రాసుకోమని న్యాయమూర్తి గారిని కోరారు. రాసుకోవడానికి ఆయన కలం తీశారో లేదో, నిజాముద్దీన్ గారు గొంతు సవరించుకున్నారు.

ఆయన చాలా శుభ్రమైన మనిషి. బల్ల మీద పెన్సిళ్ళు కూడా పొడవు వరుసలో ఉంటాయి. శనివారం పదకొండు గంటలకు గీత ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచి, అరగంటలో దిగేదని, పట్టీ స్థిరపడేటప్పుడు వచ్చే దోషమని భావించి ప్రతివారం ఆ భాగాన్ని తానే కత్తిరించి పక్కన పెట్టానని ఆయన ఒప్పుకున్నారు. కత్తిరించినవి పారేయలేదు, పారేయడం ఆయన స్వభావం కాదు. ఆ భాగాలను తెరమీదికి తెచ్చారు.

పదిహేడు శిఖరాలు వరుసగా నిలబడ్డాయి. నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి, దాదాపు ఒకే ఎత్తులో.

 మృణాళిని గారు తెర దగ్గరికి నడిచి వెళ్ళి, మొదటి శిఖరాన్ని చేత్తో ముట్టుకుని, కంతి తగ్గిన తేదీలను వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. వారమంతా కళ్ళెం బిగిసి ఉండగా నిద్రపోయిన కణాలు, మూడు గంటల పాటు పగ్గం వదలగానే మేల్కొన్నాయి. ఆ మంటలోనే వాటికి కంతి కనిపించింది. మంట కంచెకు అంటుకునేంత పెరగకముందే కళ్ళెం మళ్ళీ పడింది. ఎప్పుడూ రగలనిచ్చినా తప్పే. ఎప్పుడూ ఆర్పేసినా తప్పే. ఆమె వెనక్కి తిరిగినప్పుడు కళ్ళలో నీళ్ళున్నాయి, కాని అవి ఇందాక కూలిపోయిన మనిషి కన్నీళ్ళు కావు.

"ఇన్నేళ్ళూ పట్టీ కట్టడం నేర్చుకున్నాం. విప్పడం ఎప్పుడో నేర్చుకోలేదు," అన్నారామె.

*

న్యాయమూర్తి గారు న్యాయమూర్తి గారే. ప్రతిపాదనను తోసిపుచ్చారు, కామాక్షమ్మ గారి ఫలితాలను అసలు లెక్కలోంచి తొలగించారు, మృణాళిని గారికి లిఖితపూర్వకమైన సంజాయిషీ నోటీసు ఇచ్చారు, దేవమణిని మూడు వారాలు విధుల నుంచి తప్పించారు. నర్సుగా ఆమె నమోదు జోలికి మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం దేవమణి ఇంటికి వెళ్ళి, వంటింటి గడపలో కూర్చుని, జరిగినదంతా దానియేలుకు చెప్పింది. అతను వింటూ వింటూ ఆమె చేతి మీది ముద్రను ఒకసారి చూశాడు. లేచి, లుంగీ ఎగగట్టి, తెచ్చిన చందువా చేపను కడగడం మొదలుపెట్టాడు. నేను చేస్తానుండమని ఆమె లేవబోయింది.

"సస్పెండైనోళ్ళ చేత పని చేయించకూడదని మా యూనియన్ రూలు," అన్నాడతను.

ఆ కూరలో కారం రెండింతలు పడింది. ఇద్దరూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు.

రెండో వారంలో సంఘం కొత్త ప్రయోగానికి అనుమతించింది. పదిహేడు శిఖరాల ఎత్తు తెలుసు గనుక ఎంతవరకు రగలనివ్వాలో ఒక హద్దు దొరికింది. మొదటి వంతు సత్తిరాజుది. అతని కణాలు మరో నెల ఆగే స్థితిలో లేవు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు అతను సందేహం ఒకటి వెలిబుచ్చాడు. పంతులమ్మ గారికి తలంటుతో కలిపి పనిచేసిన వైద్యం తనకు తలంటు లేకుండా ఎలా ఇస్తారని. తలంటుకూ దీనికీ శాస్త్రీయంగా ఏ సంబంధమూ లేదని మృణాళిని గారు ఓపికగా వివరించారు. అతను ఓపికగా విన్నాడు.

"అదంతా నిజమే గావచ్చండి డాక్టరు గారూ. కాని మందు సగం ఇచ్చి పంపకండి. లోవమ్మ నూనె తెచ్చేసింది."

పక్క మంచం మీదనుంచి కామాక్షమ్మ గారు, పడవకు తారు పూసినట్టు పూసుకోవద్దని, కుదుళ్ళకు పట్టించాలని సలహా ఇచ్చారు. మృణాళిని గారు తలంటుకు అనుమతిస్తూ, ఈసారి దాన్ని సమయంతో సహా నమోదు పుస్తకంలో రాయించారు.

ఆ శనివారం ఉదయం దేవమణి వార్డుకు వచ్చింది. నర్సు దుస్తుల్లో కాదు, ఇంటి చీరలో, సందర్శకుల వరుసలో. సందర్శకుల వేళ ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు. రోగుల ప్రతినిధి ఆహ్వానించిన మనిషిని ఆపే నిబంధన ఏదీ లేదని కామాక్షమ్మ గారు ముందే సరిచూసి ఉంచారు. అద్దం తలుపు బయట లోవమ్మ పక్కన నిలబడింది. ఇరవై రెండేళ్ళుగా ఆ తలుపుకు లోపలివైపు నిలబడిన మనిషికి, బయటనుంచి చూడడం ఎంత కష్టమో ఆ ఉదయం తెలిసింది.

ఎనిమిదికి పట్టీ విప్పారు. అలారాన్ని ఆపి ఉంచారు. లోవమ్మ నూనె పట్టించి బయటకు వచ్చి, నూనె చేతులతోనే దేవమణి చెయ్యి పట్టుకుంది. తొమ్మిదింటికి సత్తిరాజు ముఖం ఎర్రబడింది. తొమ్మిదిన్నరకు జ్వరం నూటొకటి. పదింటికి నూటరెండు. పళ్ళు పటపటలాడడం అద్దంలోంచి కనిపిస్తోంది. హద్దు నూటమూడు. మృణాళిని గారు పట్టీని చేతిలో పట్టుకుని మంచం పక్కనే నిలబడి ఉన్నారు. మధ్య మధ్య ఆమె చెయ్యి ముందుకు వెళ్ళి ఆగుతోంది. దేవమణి తెలియకుండానే అతని ఊపిరి లెక్కపెడుతోంది. నిమిషానికి ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది.

లోవమ్మ అడిగింది. "ఆపెయ్యమని చెప్పరాదా సిస్టరమ్మా. మీ మాటైతే ఇంటారు."

దేవమణి ఆ ఎర్రబడిన ముఖాన్ని చూసింది. వెచ్చటి నుదురు ఆమెకు తెలుసు, పదిహేడుసార్లు ముట్టుకున్నది. ఇది అంతకంటే వేడి. కాని అతని కళ్ళు నిలకడగా ఉన్నాయి, పెదవుల రంగు బాగుంది, మూడో పడక వైపు చూసి ఏదో అంటున్నాడు కూడా.

"ఇంకొంచెం ఆగుదామమ్మా. మనిషి మాట తేటగానే ఉంది. మాట తడబడితే నేనే తలుపు కొడతాను," అంది.

పదిన్నరకు నూటరెండున్నర దగ్గర జ్వరం నిలిచింది. పదకొండుకు పట్టీ కట్టారు. గీత నిట్టనిలువుగా లేచింది. నిజాముద్దీన్ గారు ఈసారి దాన్ని కత్తిరించలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు సత్తిరాజు చెమటతో తడిసి, ఆకలిగా ఉందన్నాడు. నెలన్నరగా అతని నోట రాని మాట అది. లోవమ్మ ఆ మాట విని నేలమీద కూర్చుండిపోయింది. కామాక్షమ్మ గారు తన పళ్ళెంలోని పప్పన్నం సగం అతని పళ్ళెంలోకి జరిపి, ఇది కాపీ కొట్టనక్కరలేదు, తీసుకో అన్నారు. అద్దం తలుపు బయట దేవమణి లోవమ్మ పక్కనే నేలమీద కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిల్లలా నవ్వింది.

ఎనిమిది శనివారాల తరువాత తీసిన చిత్రంలో సత్తిరాజు కంతి నలభై ఒక్క మిల్లీమీటర్ల నుంచి ఇరవై ఎనిమిదికి తగ్గింది. మిగిలిన నలుగురిలో ముగ్గురికి తగ్గడం మొదలైంది. ఒకరికి తగ్గలేదు, ఎందుకు తగ్గలేదో మృణాళిని గారు ఇంకా వెతుకుతున్నారు. వార్డులో శనివారాలు ఇప్పుడు కుంకుడురసం వాసనతో, మంచానికీ మంచానికీ మధ్య కబుర్లతో గడుస్తాయి. విధుల్లో తిరిగి చేరిన దేవమణి జ్వరాలు కొలుస్తూ, నమోదు పుస్తకంలో విప్పిన సమయం, కట్టిన సమయం నిమిషాలతో సహా రాస్తుంది.

ఆ నెల చివరి సమావేశంలో న్యాయమూర్తి పద్మనాభరావు గారు లేచి నిలబడి, అందరినీ నిలబడమని కోరి, ఈ తీర్మానాన్ని స్వయంగా చదివారు:

"సిస్టర్ రొంగల దేవమణి నమోదు పుస్తకంలో పదిహేడు పర్యాయములు అసత్యము వ్రాసినందులకు విధించిన శిక్ష సక్రమమైనదే. ఆ శిక్షను ఆమె పూర్తిగా అనుభవించినది. అయితే, తనపై ఎవరికిని అనుమానము లేని సమయమున, ఎవరును ప్రశ్నింపకమునుపే, మౌనముగా నుండిన తన ఉద్యోగమునకు ఎట్టి హానియు లేదని తెలిసియు, తన పైవారిపై నెపము మోపక, ఐదుగురు రోగుల మేలు కోరి ఆమె సత్యము పలికినది. ఈ పరిశోధనాలయము నేడు ఏది నేర్చుకొన్నదో అది ఆమె పలికిన ఆ మాట వలననే నేర్చుకొన్నది. ఈ విషయమును సంఘము ఏకగ్రీవముగా, కృతజ్ఞతతో, శాశ్వత దస్త్రమున ఆమె పేరిట నమోదు చేయుచున్నది."